గిన్నెలో నానిన ప్లేట్లు

కొత్త క్లచ్ ప్లేట్లు గంటసేపటిగా ఇంజిన్ ఆయిల్ గిన్నెలో నానుతున్నాయి. బండి యజమానికి తొందర. మెకానిక్‌కు లేదు. పొడి ప్లేట్లు బిగిస్తే బండి కదిలీకదలగానే రాపిడి పూత మాడే ప్రమాదం ఉందని తెలిసినవాడు మరి!

మన రోడ్ల మీది బైకుల్లో ఎక్కువ వాటిది నూనెలో తడుస్తూ పనిచేసే క్లచ్. ఒక రాపిడి ప్లేటు, ఒక స్టీలు ప్లేటు, మళ్ళీ రాపిడి ప్లేటు. వరస తప్పకూడదు. రాపిడి ప్లేట్ల చెవులు బయటి బాస్కెట్ గాళ్లలో, స్టీలు ప్లేట్ల పళ్లు లోపలి హబ్ మీద కూర్చోవాలి. కొన్ని మోడళ్లలో చివరి ప్లేటు చెవులు పక్క గాడిలోకి వెళ్తాయి. అందుకే విప్పేటప్పుడే ఫోనుతో ఫొటో తీసుకునే మెకానిక్ అంటే గౌరవం కలుగుతుంది.

అసలు ఓపిక స్ప్రింగుల దగ్గర కావాలి. ఒక బోల్టు పూర్తిగా బిగించి రెండోదానికి పోతే, ప్లేట్లను నొక్కి ఉంచే ప్రెషర్ ప్లేటు ఒరుగుతుంది. ఎదురెదురుగా, కొద్దికొద్దిగా తిప్పాలి. చిన్న బోల్టులవి, బలం ప్రయోగిస్తే మరలు పోతాయి.

కొత్త గాస్కెట్, ఆపైన ఇలాంటి తడి క్లచ్‌కు సరిపడే జాసో ఎంఏ గుర్తున్న ఆయిల్. కారు ఆయిల్ పోస్తే అందులోని రాపిడి తగ్గించే రసాయనాల వల్ల కొత్త ప్లేట్లు కూడా జారవచ్చు.

క్లచ్ లివర్ కొసన వదులు చాలా 100 సీసీ బండ్లకు 10 నుంచి 20 మి.మీ. అది సరిచూశాక మెకానిక్ కిక్ కొట్టి, ఫస్ట్ గేర్ వేసి, లివర్ మెల్లగా వదిలాడు. బండి కుదుపు లేకుండా కదిలింది.