మాంటరేలో మిశ్రచాపు

శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల కాపురముండే మనవాళ్ళు, ఇండియా నుంచి అమ్మా నాన్నా రాగానే చూపించే ఊళ్ళలో మాంటరే ఒకటి. అక్వేరియంలో చేపలు చూడటం, 17 మైళ్ళ డ్రైవులో సైప్రస్ చెట్టు ముందు నిలబడి ఫొటో తీయించుకోవడం, చీకటి పడేలోగా ఇంటికి చేరుకోవడం. ఇదీ మామూలు కార్యక్రమం. ఆ ఊళ్ళోనే, సముద్రానికి కొద్ది దూరంలో, విమానాశ్రయం పక్కన, ఓక్ చెట్ల నీడలో ఫెయిర్‌గ్రౌండ్స్ అనే మైదానం ఉంది. పశువుల ప్రదర్శనలూ, జిల్లా సంతలూ జరిగే చోటు. సంగీతం మీద ఏ కాస్త అభిమానం ఉన్నవాళ్ళయినా ఆ మైదానాన్ని ఒకసారి చూసి రావాలని నా మనవి. ఎందుకో చెప్తాను.

1967 జూన్ 16, 17, 18 తేదీల్లో అక్కడ మాంటరే ఇంటర్నేషనల్ పాప్ ఫెస్టివల్ జరిగింది. జాన్ ఫిలిప్స్ అనే గాయకుడూ, లూ ఆడ్లర్ అనే రికార్డుల నిర్మాతా ముందు నిలబడి కొద్ది వారాల్లోనే ఏర్పాట్లన్నీ చేశారు. వచ్చిన బృందాలన్నీ పారితోషికం లేకుండా పాడాయి, ఒక్కరు తప్ప. ఆ ఒక్కరూ మన పండిట్ రవిశంకర్. ఆయనకు 3,000 డాలర్లు ఇచ్చారు. మిగతావాళ్ళకు తలా అరగంటో, ముప్పావుగంటో దొరికితే, రవిశంకర్‌కు ఆదివారం మధ్యాహ్నమంతా విడిచిపెట్టారు. తబలా మీద అల్లారఖా, తంబూరా మీద కమల. దాదాపు మూడు గంటల కచేరీ. భీంపలాసీ రాగం వాయించారు. మన ఆభేరికి దగ్గరి చుట్టం అనుకోండి.

ఆ కచేరీ చివరి భాగాన్ని పెన్నెబేకర్ అనే ఆయన తన సినిమాకు ముగింపుగా పెట్టుకున్నాడు. మీలో చాలామంది చూసే ఉంటారు. చాలాసేపటి దాకా సితార్ కనపడదు, వినే జనమే కనపడతారు. నేలమీద పడుకున్నవాళ్ళు, పూలు పెట్టుకున్న పిల్లలు, నోరు తెరుచుకుని కూర్చున్న జిమీ హెండ్రిక్స్. మూడు నిమిషాల పాటలకు అలవాటుపడిన జనం, భాష తెలియదు, రాగం తెలియదు, అయినా లేచి వెళ్ళలేదు. చివర్లో లేచి నిలబడి కొట్టిన చప్పట్లు ఆగలేదు.

ఆ పండుగకు 50 ఏళ్ళు నిండాయని 2017లో అదే మైదానంలో, అవే తేదీల్లో మళ్ళీ ఉత్సవం చేశారు. మేము నలుగురం వెళ్ళాం. నేను, మా ఆవిడ, పదహారేళ్ళ మావాడు, తెనాలి నుంచి వచ్చిన మా నాన్నగారు. ఆయన బడిపంతులుగా రిటైరయ్యారు. సాయంత్రం కచేరీ ఉందంటే మూడు మైళ్ళు నడిచి వెళ్ళి, తెల్లవార్లూ కూర్చుని విన్న తరం.

ఇక మావాడి సంగతి. ఎనిమిదో ఏట మృదంగం క్లాసులో వేశాం. శనివారాలు మూడేళ్ళు తిప్పాం. పదకొండో ఏట "ఇక వెళ్ళను" అన్నాడు. మృదంగం అటకెక్కింది. హైస్కూల్లో చేరాక ప్రోగ్రెసివ్ రాక్ అనే సంగీతం పట్టుకున్నాడు. మన పత్రిక పాఠకుల్లో కొందరికి అదేమిటో తెలియకపోవచ్చు కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. 1969లో కింగ్ క్రిమ్సన్ మొదటి రికార్డు వచ్చిన దగ్గర్నుంచి ఇంగ్లండు కుర్రాళ్ళు కొందరు రేడియో పాటల పొడుగు చాలదనుకున్నారు. యెస్ అనే బృందం 1972లో ఎల్పీ ఒక పక్కంతా ఒకే పాటతో నింపింది. మరుసటి ఏడు వాళ్ళే రెండు ఎల్పీలు, నాలుగు పక్కలు, నాలుగే పాటలు చేశారు. దానికి మూలం పరమహంస యోగానంద ఆత్మకథలో శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం గురించి ఉన్న ఒక ఫుట్‌నోటు! ఇది మావాడు నాకు చెప్పిన విషయమే. డాన్సు చెయ్యడానికి పనికిరాదు, మధ్యలో లెక్కలు మారిపోతుంటాయి, కూర్చుని వినాల్సిందే. మా ఇంట్లో మాత్రం ఆ వినడం హెడ్‌ఫోన్లు పెట్టుకుని తలుపు వేసుకునే జరిగేది.

తాతకీ మనవడికీ మధ్య మాటలు తక్కువ. వాడి తెలుగు వంటింటి తెలుగు. ఆయన ఇంగ్లీషు వ్యాకరణం పుస్తకంలోది. వచ్చి రెండు నెలలైనా "తిన్నావా నాన్నా", "తిన్నాను తాతయ్యా" దాటి సంభాషణ ముందుకు సాగలేదు. తిరుగు ప్రయాణానికి ఇంకో నెలే ఉంది. మా ఆవిడకు అదే దిగులు.

సన్నీవేల్ నుంచి 101 మీద బయలుదేరాం. గిల్‌రాయ్ దగ్గరకు వచ్చేసరికి కారులో వెల్లుల్లి వాసన. "ఎవరో పచ్చడి నూరుతున్నారే" అన్నారు నాన్నగారు. దారిలో పాటలు పెట్టే హక్కు మావాడిది, అది ముందే కుదిరిన ఒప్పందం. పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ 1973 నాటి "మనీ" పాట పెట్టాడు. డబ్బుల పెట్టె చప్పుడుతో మొదలవుతుంది. నాన్నగారు కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారనుకున్నాను. కాసేపటికి అద్దంలో చూస్తే ఆయన చెయ్యి మోకాలి మీద తాళం వేస్తోంది. ఒకసారి తడబడి, మళ్ళీ మొదలుపెట్టి, కుదిరించుకుని, చిన్నగా పైకే అన్నారు: "తకిట, తకధిమి. తకిట, తకధిమి."

ముందు సీట్లోంచి మావాడు గిరుక్కున వెనక్కి తిరిగాడు. "మిశ్రచాపు!" అన్నాడు.

అయిదేళ్ళుగా మా ఇంట్లో వినపడని మాట అది. మా ఆవిడ నా వంక చూసింది. నేను రోడ్డు వంక చూశాను. కాస్త ముందుకు వెళ్ళాక గిటారు ఒంటరిగా విజృంభించే చోట నాన్నగారు చెయ్యి ఆపేశారు. "ఏడు వదిలేసి నాలుగులోకి దిగిపోయాడేం?" అన్నారు. నిజమే, అక్కడ లెక్క మారుతుంది, గిటారు అయిపోయాక మళ్ళీ ఏడుకొస్తుంది. మావాడు అది చెప్పడానికి ఇంగ్లీషూ తెలుగూ చేతులూ అన్నీ వాడాడు. తర్వాత జెత్రో టల్ వాళ్ళ అయిదు లెక్క పాట పెట్టి "ఇది చెప్పండి తాతయ్యా" అన్నాడు. "ఖండం" అన్నారు ఆయన, రెండో ఆవృత్తం పూర్తి కాకుండానే. అలా కాస్ట్రోవిల్ దాటాం, ఇసుక దిబ్బలు దాటాం, ఎవరికీ దారి తెలియలేదు.

సముద్రం ఒడ్డున ఆగి పులిహోర, పెరుగన్నం తిన్నాం. మిట్టమధ్యాహ్నమే అయినా పొగమంచు కప్పేసి ఉంది. సూర్యలంకలో మునిగిన అలవాటుతో నాన్నగారు ప్యాంటు మడిచి నీళ్ళలో కాలు పెట్టి వెంటనే తీసేశారు. "ఇది సముద్రం కాదురా, ఐసుపెట్టె" అని తీర్పు.

మైదానంలో జనం తీరుగా ఉన్నారు. 1967లో ఇరవై ఏళ్ళున్నవాళ్ళు ఇప్పుడు డెబ్భై ఏళ్ళతో, మోకాళ్ళ నొప్పులతో, మనవలతో వచ్చారు. మా నాన్నగారు వాళ్ళలో చక్కగా కలిసిపోయారు. పక్క కుర్చీలో ఒక తెల్ల జుట్టు పెద్దమనిషి, తాను ఆ ఆదివారం మధ్యాహ్నం అక్కడ ఉన్నానని చెప్పాడు. "అర్థమయిందా?" అని నాన్నగారు అడిగారు. "లేదు, కానీ లేవాలనిపించలేదు" అన్నాడాయన. ఆ జవాబు నాన్నగారికి ఎంతో నచ్చింది. "మా ఊళ్ళోనూ సగం మందికి అంతే" అన్నారు.

ఆ వేదిక మీదికి నోరా జోన్స్ కూడా వచ్చింది. రవిశంకర్ గారి అమ్మాయని చెప్పగానే నాన్నగారు నిటారుగా కూర్చున్నారు. సితార్ లేదు, రాగం లేదు, తండ్రి పోలిక మాత్రం ముఖంలో ఉంది. "తండ్రి బాట పట్టలేదన్నమాట" అన్నారు కాసేపటికి. కొంచెం ఆగి, "పాట పట్టింది గదా, చాలు" అన్నారు.

చీకటి పడ్డాక తాతా మనవడికి పెద్ద తగువు వచ్చింది. 1967లో ఆ ఆదివారం రాత్రే, రవిశంకర్ వాయించి వెళ్ళిన వేదిక మీదే, ద హూ బృందం వాళ్ళు గిటారు విరగ్గొట్టారు. ఆ తర్వాత హెండ్రిక్స్ తన గిటారుకు నిప్పు పెట్టాడు. రవిశంకర్‌కు అది చాలా బాధ కలిగించింది, ఆ మాట ఆయన తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు. నాన్నగారిదీ అదే పక్షం. "వాద్యానికి కాలు తగిలితేనే కళ్ళకద్దుకుంటాం. నిప్పు పెడతాడా!" మావాడు ఊరుకోలేదు. "హోమంలో నెయ్యి ఎందుకు పోస్తాం తాతయ్యా? నెయ్యి మనకి ఇష్టమే కదా? ఆయనా ఇష్టమైంది ఇచ్చాడు." నాన్నగారు కొంతసేపు మాట్లాడలేదు. "నెయ్యి దేవుడికిస్తాం రా. అతను చూసేవాళ్ళ కోసం తగలబెట్టాడు" అన్నారు. ఇంటికొచ్చేదాకా తేలలేదు. మర్నాడూ తేలలేదు. రెండు నెలలు మాటలు లేని ఇంట్లో వారం రోజులు వాదన! మా ఆవిడ ఆ వారం రోజులూ రెండేసి కూరలు చేసింది.

మిగిలిన నెలలో వాళ్ళిద్దరూ కలిసి విన్నవి చాలా ఉన్నాయి. జాన్ మెక్‌లాక్లిన్ అనే ఇంగ్లీషు గిటారిస్టు 1971లో న్యూయార్కులో మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టాడు. వెస్లియన్ యూనివర్సిటీలో డాక్టర్ ఎస్. రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకున్నాడు. తర్వాత శక్తి బృందం వచ్చింది. 1990ల చివర దాన్ని రిమెంబర్ శక్తి పేరుతో మళ్ళీ మొదలుపెట్టాక, ఆయన పక్కన కూర్చుని ఎలక్ట్రిక్ మాండొలిన్ వాయించింది ఎవరనుకున్నారు? మన పాలకొల్లు కుర్రాడు యు. శ్రీనివాస్. 1969లో పుట్టి 2014లో, 45 ఏళ్ళకే వెళ్ళిపోయాడు. మావాడి గదిలో ఆ రికార్డు విని, "ఇతని కచేరీ నేను చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు విన్నానురా" అని నాన్నగారు మురిసిపోయారు. చిన్నపిల్లాడు ఆయన కాదు, శ్రీనివాస్.

మన పిల్లలకు మన సంగీతం అబ్బలేదని ప్రతి ఉగాది సభలోనూ ఎవరో ఒకరు వాపోతుంటారు. క్లాసులు పెట్టాలి, కాదనను. అటక మీది మృదంగం మావాడు ఇప్పటికీ దించలేదు. ఉద్యోగం చేసుకుంటూ వేరే ఊళ్ళో ఉన్నాడు. కానీ గంటసేపు కదలకుండా కూర్చుని, లెక్క వదలకుండా, ఏం జరుగుతోందో చివరి దాకా వినే ఓపిక వాడికి ఉంది. త్యాగరాజ ఉత్సవాల్లో ముందు వరసలో కూర్చుని ఫోను చూసుకునే మనలో ఎందరికుంది? నాన్నగారు 2020లో కాలం చేశారు. పోయే ముందు ఏడాది ఫోను చేసినప్పుడల్లా మనవడు ఒక పాట వినిపించేవాడు, ఆయన తెనాలి నుంచి తాళం చెప్పేవారు. వాడికి ఆయన దగ్గర దొరికిన చదువు అదే, తక్కువేం కాదు.

మీరూ వెళ్ళండి. ఆ మైదానంలోనే 1958 నుంచి జాజ్ ఉత్సవం కూడా జరుగుతూ వచ్చింది. పిల్లల్ని తీసుకెళ్ళండి, దారిలో పాటలు వాళ్ళనే పెట్టనివ్వండి. జూన్ నెల గదా అని పట్టుచీరలతో దిగేరు, సాయంత్రమయ్యేసరికి సముద్రపు గాలి వణికిస్తుంది. పెద్దవాళ్ళకు స్వెట్టరు, మఫ్లరు, ఒక ఫ్లాస్కు కాఫీ మరచిపోకండి.