తెలియదు అంటే సున్నా కాదు

ఇంట్లో లైట్లూ మోటార్లూ హోమ్ అసిస్టెంట్‌తో నడిపేవాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే తిరకాసు ఒకటుంది. సెన్సరు ఏం పంపినా అది దాచుకునేది స్ట్రింగ్‌గానే. తెర మీద 9 అని కనబడుతుంది గానీ, స్క్రిప్టు చేతికొచ్చేది అంకె కాదు, "9" అనే అక్షరం.

దీనివల్ల ఏమవుతుందో మనందరికీ తెలిసిన ట్యాంకు, మోటారు లెక్కలో చూద్దాం. నీళ్ళు 20 శాతం కన్నా తగ్గితే మోటారు వెయ్యాలి. స్ట్రింగులని పోల్చేటప్పుడు డిక్షనరీలో లాగా మొదటి అక్షరం నుంచి చూస్తారు. కాబట్టి "9" కన్నా "20" చిన్నది. అంటే ట్యాంకు అడుగంటినా మోటారు కదలదు. అంతకన్నా తమాషా, "100" కూడా "20" కన్నా చిన్నదే. ట్యాంకు నిండగానే మోటారు మొదలవుతుంది :-)

దీనికి మందు అందరికీ తెలిసిందే, ఫ్లోట్ ఫిల్టర్ తగిలించడం. అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది. సెన్సరు బ్యాటరీ అయిపోయినా, వైఫై పోయినా వచ్చే విలువ "అన్‌ఎవైలబుల్". దాన్ని అంకెగా ఎలా మారుస్తారు? ఒకప్పుడు ఫ్లోట్ ఫిల్టర్ మారు మాట్లాడకుండా సున్నా ఇచ్చేసేది. 2021లో దీనికి హెచ్చరికలు మొదలుపెట్టి, 2022లో ఏకంగా ఎర్రర్ చేశారు. డిఫాల్ట్ ఏమిటో నువ్వే చెప్పు, లేకపోతే నడవను అంటుంది ఇప్పుడు.

మరి మనవాళ్ళు ఏం చేశారు? ఎక్కడికక్కడ బ్రాకెట్లో సున్నా పెట్టేశారు! నా స్నేహితుడొకడు ఊళ్ళో వాళ్ళ అమ్మానాన్నల కోసం రాసిన స్క్రిప్టులో ఇదే చూసి అడిగితే, "ఎర్రర్ పోయింది కదరా, ఇంకేం కావాలి?" అన్నాడు. పోయింది ఎర్రర్ కాదు, సమాచారం. సెన్సరు "నాకు తెలీదు" అని నిజాయితీగా చెబితే, స్క్రిప్టు దాన్ని "నీళ్ళు లేవు" అని అనువాదం చేసింది. మోటారు మొదలవుతుంది. విలువ సున్నా దగ్గరే ఆగిపోయింది కాబట్టి "95 దాటితే ఆపు" అన్న షరతు ఎప్పటికీ నిజం కాదు. పైన ట్యాంకు పొర్లుతుంది, లేదా కింద బోరు ఎండి మోటారు కాలుతుంది. ఎండాకాలంలో రెండూ భరించలేని నష్టాలే.

పోనీ డిఫాల్ట్ 100 పెడితే? మోటారైతే నడవదు. కానీ ట్యాంకు నిండుగా ఉందనుకుని ఇంట్లోవాళ్ళు నిశ్చింతగా ఉంటారు, మర్నాడు కుళాయి తిప్పేదాకా. అంటే తప్పు అంకెలో లేదు. తెలియనిదానికి ఏ అంకె ఇచ్చినా అది అబద్ధమే.

నేను వాడికి చెప్పింది ఇది. ముందు ఈజ్ నంబర్‌తో విలువ అంకె అవునో కాదో చూడు. అయితేనే పోల్చు. కాకపోతే మోటారు ఆపేసి, "సెన్సరు పనిచెయ్యట్లేదు, ఒకసారి పైకెళ్ళి చూసుకోండి" అని నాన్నగారి ఫోనుకి మెసేజ్ పంపు. సెన్సరు ఏం చెప్పినా సరే, అరగంట దాటితే మోటారు ఆగిపోయేలా విడిగా ఇంకో షరతు పెట్టు.

నోడ్ రెడ్ వాడేవాళ్ళు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. అక్కడుండేది జావాస్క్రిప్ట్. ఖాళీ స్ట్రింగ్‌ని నంబర్ ఫంక్షన్‌కిస్తే ఎర్రర్ కూడా రాదు, సున్నా వస్తుంది. "20"కి 5 కలిపితే 25 రాదు, "205" వస్తుంది. పైథాన్ ఈ విషయంలో చాదస్తురాలు, కూడనంటే కూడనంటుంది. అన్నట్టు, తెలుగు అంకెలతో "౨౩" అని రాసిస్తే మాత్రం శుభ్రంగా 23 అని చదువుతుంది. మనలో ఎంతమంది చదవగలరో మరి :-)

ఆఫీసులో రాసే కోడ్‌లోనూ ఈ సున్నాలు బోలెడు. అక్కడైతే ఎవరో ఒకరు టికెట్ వేస్తారు. ఇంట్లో ఆ స్క్రిప్టుని నమ్ముకుని ఉండేది లాగ్ అంటే ఏమిటో తెలియని అమ్మా నాన్నా. వాళ్ళకి "తెలీదు" అన్న జవాబు ఇవ్వడం నామోషీ ఏం కాదు. తెలీదంటే కనీసం మెట్లెక్కి చూసుకుంటారు. ఏమంటారు?