నంబర్ల నోట్‌బుక్కు

మా ఇంట్లో రెండు వందల పేజీల రూళ్ల నోట్‌బుక్కు ఒకటుంది. అందులో పాల లెక్కా లేదు, చీటీల లెక్కా లేదు. అన్నీ విమానాల నంబర్లే. మనవాటికి వీటీ అని మొదలవుతుంది, దుబాయ్ వాళ్లవి ఏ6 అని, ఒమాన్‌వి ఏ4ఓ అని. పక్కనే తేదీ, టైము, రకం. బండికి నంబరు ప్లేటు ఉన్నట్టే ప్రతి విమానానికీ తోక దగ్గర ఒక నంబరుంటుంది. దాన్ని ఫొటో తీసి రాసుకోవడం మా పెద్దోడి పిచ్చి. ఇంటర్ చదువుతున్నాడు. ఇలాంటివాళ్లను ప్లేన్ స్పాటర్లు అంటారట. లోకమంతా ఉన్నారట.

"బస్సు నంబరు రాస్తె ఏమన్న ఇస్తరార? గిదేం కొలువు?" అంటుంది మా అత్తమ్మ. వాడు నవ్వి ఊరుకుంటాడు.

కరీంనగర్‌లో పుట్టినోడికి ఈ పిచ్చి ఎలా పట్టిందని మీరు అడగొచ్చు. మనకు విమానాశ్రయం లేదు. బసంత్‌నగర్‌లో సిమెంట్ ఫ్యాక్టరీ వాళ్ల ఎయిర్‌స్ట్రిప్ ఉంది, 1980లలో అక్కడికి వాయుదూత్ చిన్న విమానాలు వచ్చేవని పెద్దవాళ్లు చెబుతారు. ఇప్పుడు గడ్డి తప్ప ఏమీ లేదు. కానీ మన జిల్లాల్లో విమానం లేని ఇల్లు ఏది? జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, ఎటు చూసినా ఇంటికొకరు గల్ఫ్‌లోనే. మా ఆయన పదకొండేళ్లుగా దుబాయ్‌లో ఉన్నారు. వాడు నోట్‌బుక్కులో మొదట రాసిన నంబరు వాళ్ల డాడీ ఎక్కిన విమానానిదే. అప్పుడు వాడు మూడో తరగతి. ఆ విమానం మళ్లీ ఎప్పుడొస్తుందో, ఎక్కడ తిరుగుతోందో ఫోన్లో చూసుకుంటూ ఉండేవాడు. పిల్లవాడి లెక్కలో అది కూడా ఇంటి మనిషి లాంటిదే.

పోయిన ఏడాది వానాకాలంలో ఆయన సెలవు అయిపోయి తిరిగి వెళ్తుంటే దిగబెట్టడానికి పోయాం. ఏ విమానాశ్రయమో చెప్పను, ఎవరినీ బజారుకెక్కించడానికి రాయడం లేదు. టికెట్ లేనివాళ్లను గేటు దాటి లోపలికి పోనివ్వరు కదా. ఆయన లోపలికి పోయాక, టేకాఫ్‌కి ఇంకా మూడు గంటలుంది, నేను అత్తమ్మతో బెంచీ మీద కూర్చున్నాను. వీడు మా తమ్ముడిచ్చిన పాత కెమెరా మెడలో వేసుకుని గోడ పక్క రోడ్డు మీదికి పోయాడు.

గంట తరువాత ఫోన్. "అమ్మా, నన్ను కూర్చోబెట్టిన్రు."

ఆ గది దాకా ఎలా నడిచానో నాకే తెలియదు. గల్ఫ్ పోయే ఇళ్లలో మనకు పోలీసు, పాస్‌పోర్టు అనే రెండు మాటలు కలిపి వింటే చాలు, కాళ్లల్లో వణుకు. వీడికి ఏదన్నా కేసు పడితే? రేపు వీడే పాస్‌పోర్టుకు పెట్టుకోవాలి కదా!

టేబుల్ మీద కెమెరా, ఫోను, ఆ నోట్‌బుక్కు. వాళ్లకు కెమెరా మీద అంత అనుమానం లేదు, అసలు అనుమానమంతా నోట్‌బుక్కు మీదే. "యే నంబర్ కిస్ కే లియే లిఖ్తా హై?" అని ఒకాయన పేజీలు తిప్పుతున్నాడు. ఎవరి కోసం రాస్తున్నావంటే వాడేం చెబుతాడు? "నా కోసమే సార్" అన్నాడు. ఆ జవాబు ఎవరు నమ్ముతారు! రెండు గంటలు అడిగిందే అడిగారు. గట్టిగా మాట్లాడారు తప్ప చెయ్యి వేయలేదు, అది చెప్పాలి. తెలుగాయన ఒకరు వచ్చి నా ఆధార్ చూసి, ఆయన టికెట్ కాపీ చూసి, "ఇంకోసారి ఇటు రానీయకండి మేడం" అని పంపించారు. పంపేముందు ఆ రోజు ఫొటోలన్నీ వాడి చేతే తీసేయించారు. వాటిలో విమానాలు ఆరు. గేటు దగ్గర వాళ్ల డాడీవి నాలుగు.

ఆయన విమానం మేం ఆ గదిలో ఉండగానే ఎగిరిపోయింది.

బస్సులో జేబీఎస్ నుంచి కరీంనగర్ దాకా వాడు నోరు విప్పలేదు. ఇంటికొచ్చాక నేను నిద్రపట్టక ఫోన్లో వెతుకుతూ కూర్చున్నాను. నా కొడుకు చేసింది తప్పా, కాదా అని నాకు తేలాలి.

తేలీ తేలకుండా ఉంది. 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో 13వ నిబంధన ప్రకారం ప్రభుత్వ విమానాశ్రయంలో గానీ, ఎగిరే విమానంలోంచి గానీ రాతపూర్వక అనుమతి లేకుండా ఫొటో తీయకూడదు. కానీ 2004లో డీజీసీఏ వాళ్లే ప్రయాణికులు విమానంలో ఫొటోలు తీసుకోవచ్చన్నారు. 2020 సెప్టెంబరులో కంగనా రనౌత్ ఎక్కిన విమానంలో టీవీ వాళ్లు తోసుకున్నప్పుడు ఫొటోలు తీస్తే ఆ రూట్లో విమానం రెండు వారాలు ఆపేస్తామని ఆర్డరు వేశారు, మర్నాడే మళ్లీ ప్రయాణికులు తీసుకోవచ్చని వివరణ ఇచ్చారు. గోడ బయట పంచాయతీ రోడ్డు మీద నిలబడ్డ పోరడి గురించి మాత్రం ఆ నిబంధనలో ఒక్క మాటా లేదు. ఎయిర్‌ఫోర్స్ స్థలాలైతే వేరే సంగతి, వాటికి 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఉంది. మిగతాచోట్ల ఆ పూట డ్యూటీలో ఉన్నాయన మనసే చట్టం.

మనదేశంలోనే ఇలా అని అనుకోకండి. 2001 నవంబరులో గ్రీసు దేశంలో కలమాట అనే ఊళ్లో పన్నెండుమంది బ్రిటిష్ వాళ్లను, ఇద్దరు డచ్ వాళ్లను గూఢచారులని పట్టుకున్నారు. అక్కడ కూడా నంబర్ల నోట్‌బుక్కులే! కొన్ని వారాలు జైల్లో పెట్టారు. కింది కోర్టు ఎనిమిదిమందికి మూడేళ్ల శిక్ష వేస్తే, 2002 నవంబరులో అప్పీలులో అందరినీ వదిలేశారు. వాళ్లలో ఒక్కతే ఆడమనిషి. ఆమెకు విమానాల పిచ్చే లేదు. భర్త వెంట వెళ్లి వ్యాన్‌లో కూర్చుని గళ్లనుడికట్టు పూరించుకుంటోందట. ఆమెనూ తీసుకుపోయారు. ఆమెను తలుచుకుంటే నాకు నవ్వూ వచ్చింది, కడుపులో దేవినట్టూ అయింది. మొగుళ్ల పిచ్చికీ కొడుకుల పిచ్చికీ సంచులు మోసేది ఎక్కడైనా మనమే.

2010లో ఢిల్లీలో కూడా ఇద్దరు బ్రిటిష్ వాళ్లు రన్‌వే కనిపించే హోటల్ గది అడిగి దొరికిపోయారు. పైలట్ల మాటలు వినే పరికరం వాళ్ల దగ్గరుంది. దానికి మనదగ్గర లైసెన్సు కావాలి. జరిమానా కట్టి బయటపడటానికి రెండు నెలలు పట్టింది. ఇది చదివి వాణ్ని లేపి మరీ అడిగాను, అలాంటిదేమన్నా కొన్నావారా అని. కొనలేదు.

ఆ కాపలా వాళ్ల మీద నాకు కోపం లేదు. 1999 డిసెంబరులో కాఠ్మండు నుంచి వచ్చే విమానం హైజాక్ అయ్యాకే మన విమానాశ్రయాలకు సీఐఎస్ఎఫ్‌ను పెట్టారు. 2025 మేలో పాకిస్తాన్‌తో గొడవ తరువాత ఎయిర్‌ఫోర్స్ రన్‌వేలున్నచోట, ముఖ్యంగా పడమటి సరిహద్దు వైపు, పదివేల అడుగులు ఎక్కేదాకా కిటికీలు కూడా మూసే ఉంచమన్నారు. అలాంటి రోజుల్లో మెడలో కెమెరాతో గోడ పక్కన తిరిగే పిల్లాణ్ని అడగకపోతేనే తప్పు. నా బాధల్లా ఒక్కటే, ఎక్కడ తీయొచ్చో చెప్పేవాళ్లు లేరు. టోక్యోలో హనెడా విమానాశ్రయం పైన జనం నిలబడి చూడటానికే డాబా కట్టారట. 2024 జనవరిలో బేగంపేటలో వింగ్స్ ఇండియా జరిగినప్పుడు వీణ్ని నేనే తీసుకుపోయాను. ఎయిరిండియా కొత్త ఏ350 ముందు వేలమంది సెల్ఫీలు దిగారు. అక్కడా తుపాకులు పట్టుకున్నవాళ్లున్నారు, ఒక్కరూ ఏమనలేదు.

మా ఆయనకు విషయం మూడు రోజుల తరువాత చెప్పాను. కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తరువాత "పోరన్ని ఏమనకు" అని, తన విమానం నంబరు బోర్డింగ్ బస్సులోంచి చూసి రాసుకున్నానని చెప్పారు. ప్రతిసారీ రాసుకుంటారట. అది నాకు అప్పటిదాకా తెలియదు.

ఇప్పుడు వాడు మా డాబా మీదినుంచి తీస్తున్నాడు. ఢిల్లీ నుంచి హైదరాబాద్, చెన్నై పోయేవి మన నెత్తిమీదుగానే పోతాయి. ఆ లెన్సులో తెల్ల గీత తప్ప నంబరు కనపడదు, ఫోన్లో చూసి రాస్తాడు. ఆదిలాబాద్ మా పుట్టిల్లు. అక్కడి నిజాం కాలం నాటి ఏరోడ్రంలో ప్రజల విమానాలకు కూడా ఎయిర్‌ఫోర్స్ 2025 ఏప్రిల్‌లో సరేనందని పేపర్లో చూసి ఎగిరి గంతేశాడు. స్థలం ఎయిర్‌ఫోర్స్‌దిరా, అది వచ్చిందంటే కెమెరా సంచిలోంచి తీయనే తీయరాదు అని నేను చెబితే మొహం చిన్నబుచ్చుకున్నాడు. అయినా మా అమ్మకు ఫోన్ చేసి, "అమ్మమ్మా, మీ బంగ్లా మీదికెళ్లి ఏరోడ్రం కనవడ్తదా?" అని అడిగాడు.

"ఏమో బిడ్డ, చింతచెట్టు అడ్డమున్నది" అందట మా అమ్మ.