చెప్పక దాచిన చిన్న లోపము

ఇంటిలో వాడుకొను వస్తువేదైనను చెడినప్పుడు అది ఒక్కనాడే చెడినదని మనము చెప్పుకొందుము. కాని చాలవరకు వస్తువు ఒక్కనాడు చెడదు. ముందుగా అది ఒకటి రెండు సారులు తన బాధను తెలుపుకొని, మనము వినకున్న పిమ్మటనే చెడును. ఈ సంగతి మాకు బోధపడినది వంటయింటిలో గాదు; ఒక పాత జీపు బండి క్రింద వెల్లకిల పరుండియున్నప్పుడు. మేమనగా తల్లియు కూతురును. ఆటోమాటిక్ గేరుపెట్టెను ఇంటికడనే విప్పి మరల కూర్చుట స్త్రీల పత్రికకు తగిన విషయమా యని సోదరీమణులు కొందరు నవ్వవచ్చును. చివరవరకు చదివి పిమ్మట నవ్వుదురు గాక.

మేముండునది అమెరికాలో కొలరాడో రాష్ట్రమున గ్రాండ్ జంక్షన్ అను పట్టణము. అచ్చటికి దక్షిణముగా సుమారు 100 మైళ్ల దూరమున యూరే యను కొండపట్టణము కలదు. పూర్వము వెండి బంగారు గనులకొరకు ఆ కొండలలో తొలిచిన బండిబాటలు నేడు జీపులవారికి విహారస్థలము లైనవి. యూరేనుండి టెల్యురైడునకు పోవు ఇమోజీన్ కనుమ వానిలో నొకటి. దాని యెత్తు 13,114 అడుగులు. మా బండి 1998వ సంవత్సరపు జీప్ చెరోకీ. 2001వ సంవత్సరముతో అమెరికాలో ఆ తరహా బండ్ల తయారీ నిలిచిపోయినది. అందలి గేరుపెట్టె జపాను దేశపు ఐసిన్ వార్నర్ వారిది, నాలుగు గేర్లు గలది, ఏడబ్ల్యూ 4 అని పేరు, గట్టిదని ప్రసిద్ధి.

2022 ఆగస్టు నెలలో ఆ కనుమ చూచి దిగివచ్చుచుంటిమి. ఒక యిరుకు మలుపుకడ ఎదురుగా ఒక బండి ఎక్కివచ్చెను. ఎక్కువారికి దిగువారు త్రోవ యిచ్చుట ఆ కొండలలో మర్యాద. కావున మేము వెనుకకు జరుగవలసి రివర్సులో పెట్టితిమి. ఇంజను అరచెను గాని బండి వెనుకకు పోలేదు. పైగా రెండడుగులు ముందునకు జారెను. ఒక ప్రక్క కొండగోడ, ఒక ప్రక్క లోయ. బ్రేకు నొక్కిపట్టి ఊపిరి బిగబట్టితిమి. ఎదుటి బండివాడు మంచివాడు. మా ముఖములు చూచి సంగతి గ్రహించి, తానే మెల్లగా వెనుకకు దిగి చోటిచ్చెను. మొదటి గేరులో ప్రాకుచు ఊరు చేరితిమి. అచ్చటినుండి మా బండి వేరొక లారీమీద ఎక్కి ఇల్లు చేరెను.

ఆ రాత్రి నిద్రపట్టక ఇద్దరమును వంటయింటిలో కలిసికొంటిమి. మాలో పెద్దది మెల్లగా చెప్పెను: "మూడు నెలలుగా ఉదయమున బండిని కొట్టమునుండి వెనుకకు తీయునప్పుడు రివర్సు వెంటనే పట్టుట లేదు. రెండు క్షణములు ఆగి పట్టుచున్నది." చిన్నది తలవంచుకొని, "అమ్మా, నేనును ఒకటి చెప్పవలెను. పెద్దబాటమీద రెండవ గేరునుండి మూడవదానికి మారునప్పుడు ఇంజను ఊరక పైకి లేచి అరచి, పిమ్మట పట్టుచున్నది" అనెను. చెప్పిన బండి నమ్మివేయుదురని పెద్దది దాచెను. చెప్పిన బండి నడపనీయరని చిన్నది దాచెను. లోపము ఒక్కటే. దానిలో చెరిసగము ఇద్దరి కడుపులలోను దాగియుండెను.

మరునాడు మరమ్మతు దుకాణమువారు చెప్పిన వెల బండి నమ్మిన వచ్చు సొమ్ముకంటె హెచ్చుగా నుండెను. ఇంటి యజమానిగారు, "పాతసామానువారికి పిలుపు పంపెదను" అనిరి. వారికి నడుమునొప్పి గలదు. బండి క్రిందికి దూరలేరు. మేము రెండు నెలల గడువు అడిగితిమి. వారు మా చేతులవైపు చూచి, నవ్వి, సరే యనిరి.

ఈ పెట్టె ఎట్లు పనిచేయునో కొంచెము చెప్పక తీరదు. రెండు విసనకఱ్ఱలను ఎదురెదురుగ నుంచి ఒకదానిని త్రిప్పిన, దాని గాలికి రెండవది తిరుగును గదా. గాలికి బదులు నూనె నుంచిన అదియే టార్క్ కన్వర్టరు. దీనిని హెర్మన్ ఫెట్టింగర్ అను జర్మను ఇంజనీరు 1905లో ఓడల కొరకు కల్పించెను. అమెరికాలో 1940వ సంవత్సరపు ఓల్డ్స్‌మొబీలు కార్లలో హైడ్రామాటిక్ అను పెట్టె వచ్చినది మొదలు, నూనె నడిపించు ఆటోమాటిక్ పెట్టెలు సామాన్యుల కార్లలో ప్రవేశించెను. కన్వర్టరు వెనుక పండ్లచక్రములు గలవు. నడుమ సూర్యుడు, చుట్టును గ్రహములు, వాని వెలుపల ఒక వలయము. వీనిలో దేనిని పట్టి నిలుపుదుమో, దేనిని విడుతుమో దానినిబట్టి గేరు మారును. ఈ పట్టుట విడుచుటలు చేయునవే క్లచ్చీలు. ఉక్కు బిళ్లలును, కాగితమువంటి పూత గల బిళ్లలును ఒకటి విడిచి ఒకటి పేర్చియుండును. నూనె ఒత్తిడిచేత ఒక పిస్టను వానిని నొక్కిన పట్టును, ఒత్తిడి తగ్గిన జారును, జారిన మాడును.

మరమ్మతు పుస్తకములో ఏ గేరునకు ఏ క్లచ్చి పనిచేయునో తెలుపు పట్టిక యొకటి కలదు. మా చెరిసగములను దానిముందుంచితిమి. మొదటి రెండు గేర్లును చక్కగనే యున్నవి. మూడవదియు రివర్సును జారినవి. ఈ రెంటికిని కావలసి, మొదటి రెంటికిని అక్కరలేనిది ఒక్క డైరెక్టు క్లచ్చియే. పెట్టె విప్పకమునుపే రోగస్థానము కాగితముమీద తెలిసిపోయెను. మూడు నెలలనాడే ఒకరి కొకరు చెప్పుకొనియుండిన, ఆనాడే తెలిసియుండును గదా యని ఇద్దరమును చాలసేపు మాటాడలేదు.

బండిని జాకీతో ఎత్తి, నాలుగు ఇనుప పీటలమీద నిలిపితిమి. జాకీని మాత్రమే నమ్మి ఎన్నడును బండి క్రిందికి పోరాదు. నల్లబడిన నూనెను తీసితిమి. క్రొత్తనూనె దానిమ్మరసమువలె ఎర్రగా నుండును. మాది కాఫీ డికాక్షనువలె నుండి, మాడిన పోపు వాసన వేసెను. కన్వర్టరును ఇంజనునకు బిగించు నాలుగు మరలను క్రింది కిటికీనుండి ఒక్కొక్కటిగా విప్పితిమి. పెట్టెను ఇంజనుతో కలుపు మరలలో పైవి రెండును కంటి కగపడవు. మూడడుగుల పొడవు పొడిగింపు కడ్డీలు తగిలించి, చేతి స్పర్శతోనే వానిని వెదకి విప్పుటకు ఒక పూట పట్టెను. అద్దెకు తెచ్చిన చక్రముల జాకీమీద పెట్టెను దింపి, కొట్టములోని బల్లమీదికి చేర్చితిమి.

ఇక మా కలవాటైన పని మొదలయ్యెను. ఈ పనిలో బలముకంటె శుభ్రమును, వరుసయును ముఖ్యములు. వాల్వుబాడీ యను అల్యూమినియపు పలకలో నూనె నడచు త్రోవలు మెలికల ముగ్గువలె నుండును. వానిలో సన్నని వాల్వులు, స్ప్రింగులు, చిన్న గుండ్లు ఉండును. ఏది ఎచ్చటనుండి తీసితిమో అచ్చటనే మరల నుండవలెను. ఇడ్లీపళ్లెములు మూడు తెచ్చి, గుంటకొక అంకె వేసి, వానిలో నుంచితిమి. చిన్నది ప్రతి మెట్టునకు ఛాయాపటము తీసెను. నూలుగుడ్డతో తుడువరాదు. దాని నూగు ఒక్కపోగు వాల్వులో చిక్కినను అది కదలదు.

క్లచ్చి డోలును తెరచినప్పుడు బిళ్లల పూత మాడి బొగ్గై, ఉక్కు నీలముగ నుండెను. కాని మాకు ముఖ్యముగ తోచినది అది కాదు. దాని వెనుక పిస్టను చుట్టును సన్నని రబ్బరు సీలు గలదు. గోటితో నొక్కిన మెత్తగా లోపలికి పోవలసినది, ఎండిన వడియమువలె గట్టిపడి అంచున పగిలియుండెను. దానిని చూడగనే మాలో పెద్దది నవ్వెను. ఆ నవ్వులోనే కన్నీరు వచ్చెను. చిన్నదాని అమ్మమ్మగారు గుంటూరులో పంపు స్టవ్వుమీద వండెడివారు. పంపు కొట్టినను స్టవ్వు మండనప్పుడు ఆమె వేరొకరిని పిలువక, కడ్డీని బయటికి లాగి, దాని కొనయందున్న తోలు వాషరును చూచెడిది. అది ఎండి ముడుచుకొనియున్న గాలి నిలువదు. గాలి నిలువక మంట లేదు. కొబ్బరినూనెలో నానబెట్టి, వ్రేళ్లతో అంచు సాగదీసి మరల తొడిగెడిది. ఆ తోలు వాషరును ఈ రబ్బరు సీలును ఒక్కపనియే చేయును. అచ్చట గాలి ఒత్తిడి, ఇచ్చట నూనె ఒత్తిడి. చల్లని ఉదయమున ఆ గట్టి రబ్బరు అంచు సాగక నూనె కారిపోవును; అందుచేతనే రివర్సు ఆలస్యముగా పట్టెను. ఒత్తిడి చాలక బిళ్లలు జారెను, జారి మాడెను.

సీలును ఎండబెట్టినది వేడిమియే. ఆ తప్పును మాదే. నిట్టనిలువు దారులలో మెల్లగా ఎక్కునప్పుడు, ఈ బండిలోని రెండవ పెట్టెను లో రేంజికి మార్చవలెను. అప్పుడు చక్రములకు చేరు బలము 2.72 రెట్లగును, ఇంజను తేలికగ తిరుగును. మేము బద్ధకించి హై రేంజిలోనే ఎక్కుచుంటిమి. అప్పుడు కన్వర్టరులోని రెండు విసనకఱ్ఱలలో ఒకటి వేగముగను ఒకటి మెల్లగను తిరిగి, ఆ భేదమంతయు నూనెలో వేడియై చేరును.

క్రొత్తబిళ్లలను రాత్రియంతయు ఎర్రనూనెలో నానవేసితిమి. పొడిబిళ్లలు మొదటి పట్టులోనే మాడును. క్రొత్త సీళ్లకు వాసెలీను పూసి, అంచు మడతపడకుండ గుండ్రముగా త్రిప్పుచు దించితిమి. సామాన్యపు గ్రీజు పనికిరాదు. అది నూనెలో కరుగక సన్నని త్రోవల కడ్డుపడును. ఆపైని గాలిగొట్టముతో క్లచ్చి రంధ్రములో గాలి నింపగా, లోపల పిస్టను 'దబ్బు'మని కదలి నిలిచెను. కన్వర్టరు అతుకులేని గుండువంటిది. లోపల కడుగ వీలు లేదు. కావున దానిని మార్చితిమి. నూనె చల్లబరచు గొట్టములను కడిగితిమి. కడుగకున్న పాతమసి క్రొత్తపెట్టెలోనికి మరల వచ్చును.

ఏడవ వారము ఆదివారము రాత్రి పదునొకండు గంటలకు పెట్టెను ఇంజనునకు ఆనించితిమి. నాలుగు అంచులును కలియవలెను. ఒక వ్రేలిమందము సందు మిగిలెను. మాలో పెద్దది అలసియుండెను. "మరలు బిగించిన అదియే దగ్గరకు వచ్చును" అని పానాను చేతబట్టెను. చిన్నది ఒక క్షణము మాటాడలేదు. ఆ మౌనము మా కిద్దరికిని తెలిసినదే. పిమ్మట, "వద్దమ్మా, ఈమారు దాచను. కన్వర్టరు పూర్తిగా లోపలికి పోలేదని తోచుచున్నది" అనెను. పానా క్రిందపెట్టి, పెట్టెను వెనుకకు లాగి చూచితిమి. చిన్నది చెప్పినదే నిజము. కన్వర్టరు మెడ నూనెపంపు పండ్లలో కూర్చుండలేదు. అట్లే బిగించియుండిన పంపు పగిలి, మా శ్రమయంతయు నేలపాలై యుండును. దానిని త్రిప్పుచు మెల్లగా నొక్కగా ఒక మెట్టు దిగెను, రెండవది దిగెను. మూడవది దిగినప్పుడు 'టక్'మని వినబడెను. మరల ఆనించినప్పుడు అంచులు చేతితోనే కలిసెను.

మరుసటి శనివారము నూనె పోసి, ఇంజను నడుపుచునే కొలత చూచి, రివర్సులో పెట్టితిమి. బండి వెంటనే మెత్తగా వెనుకకు కదలెను. పెద్దబాటమీద మూడవ గేరు ఎప్పుడు పట్టినదో తెలియనే లేదు. ఇంటి యజమానిగారు ప్రక్కన కూర్చుండి, చాలసేపు వినుచుండి, "ఇదేమి, చప్పుడే లేదే" అనిరి. అంతకు మించిన మెప్పు మాకు అక్కరలేకపోయెను.

నేటివరకు ఆ పెట్టె నడచుచునే యున్నది. అందరును బండ్లు విప్పవలెనని మేము చెప్పుట లేదు. ఆ సీలు ఏనాటికైన మార్చవలసినదే. మూడు నెలలు ముందుగా చెప్పుకొన్నను పెట్టె విప్పక తప్పదు. కాని బిళ్లలు మాడకుండును, కన్వర్టరు చెడకుండును, ఆ లోయ అంచున ఆ రెండడుగుల జారుపాటు ఉండదు. ఇప్పుడు మా యింట ఒక నియమము కలదు. బండిగాని, పొయ్యిగాని, ఒంటిలో నలతగాని, మనసులో బరువుగాని, క్రొత్తగా ఏది తోచినను ఆ రాత్రి భోజనమువేళ చెప్పవలెను. విన్నవారు కోపింపరాదు. మొదటి సగము నియమము సులభము. రెండవ సగమును మేమింకను నేర్చుకొనుచున్నాము.