ఎవరి పేజీ వాళ్లకే

మా సెకండియర్ జావా ల్యాబ్‌లో ఇన్నర్ క్లాస్ అంటే పరీక్షలో వచ్చే ప్రశ్న, అంతే. క్లాసు లోపల ఇంకో క్లాసు. 1997లో జేడీకే 1.1తో వచ్చిన సౌకర్యం ఇది. లోపలి క్లాసు బయటిదాని ప్రైవేట్ సంగతులు చూడగలదు. బయటిది కూడా లోపలిదాని ప్రైవేట్ చూడగలదు, ఈ రెండోది చాలామందికి గుర్తుండదు. ముందు స్టాటిక్ అని పెడితే మాత్రం బయటి ఆబ్జెక్టు లేకుండానే లోపలిది బతికేస్తుంది. ఇంటిపేరు ఉంచుకుని హాస్టల్లో పడి ఉన్న నాలాంటిది.

మొన్న వేసవి సెలవుల్లో దామలచెరువు దగ్గర ఒక మామిడి మండీ ఆయన నన్ను పిలిపించి, లెక్కలన్నీ కంప్యూటర్లో పెట్టి, రైతు ఫోన్లో చూసుకునేలా చేసిస్తావా అన్నాడు. మా నాన్న తోతాపురి కాయలు వేసేది ఆ మండీకే. ఊరికే చేసే పని కాదులే, డబ్బులిస్తానన్నాడు.

మండీ లోపల రైతు, రైతు లోపల పట్టీ. పేపర్ మీద డబ్బాలో డబ్బా గీశాను. కానీ ఆయన తీసుకున్న చవక హోస్టింగ్‌లో ఉన్నది పీహెచ్‌పీ 8.2. అందులో క్లాసు లోపల పేరున్న క్లాసు రాయడం కుదరదు. 2015లో పీహెచ్‌పీ 7తో వచ్చిన పేరు లేని క్లాసుని ఒక మెథడ్ లోపల పుట్టించొచ్చు గానీ, బయటి ప్రైవేట్ దానికి అందదు. అందుకే మూడు క్లాసులు మూడు ఫైళ్లలో పెట్టి, రైతు ఆబ్జెక్టు చేతికి తన పట్టీల అర్రే ఇచ్చాను. నన్నడిగితే ఇదే మేలు. పట్టీని విడిగా ప్రింట్ తీయాల్సిన రోజు ఎలాగూ వస్తుంది.

అసలు తలనొప్పి బాకీ దగ్గర. పూత మీదే అడ్వాన్సు తీసుకున్న రైతులు చాలామంది. మండీ ఆయన షరతు ఒక్కటే: "ఎవురి బాకీ ఎవురికీ కనపడకూడదబ్బా." ఆయన పుస్తకంలో ఒకరి పేజీ చూపించేటప్పుడు పక్క పేజీని అరచేత్తో మూసేస్తాడు. నేను చూశాను.

బాకీకి ప్రైవేట్ అని పెట్టాను. అయితే ప్రైవేట్ అనేది మనిషికి కట్టిన గోడ కాదు, క్లాసుకి కట్టిన గోడ. రైతు క్లాసులోని ఒక మెథడ్‌కి ఇంకో రైతుని ఇచ్చారనుకోండి, అది ఆ రైతు బాకీని నేరుగా చదివేస్తుంది. జావా, సీ ప్లస్ ప్లస్ కూడా అంతే. రూబీలో ప్రైవేట్ మెథడ్‌ని ఇంకో ఆబ్జెక్టు మీద పిలవనివ్వరు. అందుకని రైతు క్లాసులో ఇంకో రైతుని తీసుకునే మెథడ్ ఒక్కటీ రాయలేదు. బాకీ చూపించే మెథడ్ ముందు 'అడిగేది ఎవరు' అని చూస్తుంది.

అదీ సగం కాపలానే. ప్రైవేట్ అన్నది కోడ్ రాసేవాళ్ల మధ్య ఒప్పందం, ఫోన్ పట్టుకున్నవాడికి దాంతో పనిలేదు. అడ్రస్‌లో రైతు నంబరు 14 అని ఉంటే, 15 కొట్టి చూడ్డానికి ఎవరికైనా చెయ్యి దురద పుడుతుంది. కాబట్టి నంబరు అడ్రస్ నుంచి తీసుకోకుండా, లాగిన్ అయిన సెషన్ నుంచే తీసుకుని క్వెరీలో పెట్టాను.

ఇవన్నీ కట్టినా ఒకడికి అన్నీ కనిపిస్తాయి. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్నవాడికి, అంటే నాకు. నాకు అడ్డం పెట్టే కీవర్డ్ ఏ భాషలోనూ లేదు.

ఎక్కించమని ఆయన పాత పుస్తకం నా చేతిలో పెట్టాడు. మా నాన్న పేజీ అందులోనే ఉంటుంది. నేను కాలేజీలో చేరిన ఏడాదిది కూడా. ఇంట్లో ఆ అంకె ఎప్పుడూ ఎవరూ పైకి అనలేదు. పుస్తకం తెరవకుండానే ఆయనకి తిరిగిచ్చేసి, బేనీషా, నీలం, మల్లిక అని రైతులకి మామిడికాయల పేర్లు పెట్టి టెస్ట్ చేశాను. పాస్‌వర్డ్ ఆయన చేతే మార్పించాను. అసలు లెక్కలు రాత్రిపూట ఆయనే కూర్చుని, ఒక వేలితో కొట్టుకుంటూ ఎక్కిస్తున్నాడు. ఇప్పటికి సగం పుస్తకం అయిందట.