దారి చూపి తప్పుకునేవారు

అనువాదకునికి చిన్న మాటే పెద్ద చిక్కు తెచ్చిపెడుతుంది. కొంతకాలం క్రితం అమెరికాలోని మోటారు పందేలను గురించిన ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తూ 'స్టాక్ కార్' అన్నచోట ఆగిపోయాను. తొలిరోజులలో అది పందెం కోసం ప్రత్యేకంగా కట్టిన బండి కాదు. ఎవరైనా అంగడిలో కొనుక్కోగల మామూలు కారు. 'అంగటి కారు' అని వ్రాసి, నాకే నవ్వు వచ్చి కొట్టివేసి, చివరకు స్టాక్ కారునే ఉంచాను.

ఆ పందేల చరిత్రలో లీ పెట్టీ, రిచర్డ్ పెట్టీ అనే తండ్రీకొడుకులున్నారు. 1959లో తొలి డేటోనా 500 పందెం గెలిచినవాడు తండ్రి. అదే సంవత్సరం లేక్‌వుడ్‌లో జరిగిన మరొక పందెంలో కొడుకు గెలిచాడని ప్రకటించారు. లెక్క తప్పిందని అభ్యంతరం చెప్పినవాడు మరెవరో కాదు, కన్నతండ్రే! చుట్లు మళ్ళీ లెక్కించి గెలుపును తండ్రికే ఇచ్చారు. ఆ కొడుకే అనంతరకాలంలో 200 పందేలు, 7 చాంపియన్‌షిప్‌లు గెలిచాడు. తండ్రి అతనికి విద్య ఇచ్చాడు. గెలుపు మాత్రం ఇవ్వలేదు.

నేనుండే పోర్ట్‌బ్లెయిర్‌కు 2024లో శ్రీవిజయపురమని పేరు మారింది. ఈ దీవులలో మోటారు పందేల ఊసు లేదు. కార్ నికోబార్ అనే ద్వీపం ఉన్నది గాని, దాని పేరులోని 'కార్'కు మోటారుతో ఏ సంబంధమూ లేదు. అయినా తండ్రి తరువాత తనయుడు పందెపు బాట పట్టిన కథ ఒకటి ఆ ద్వీపానికీ ఉన్నది. ఆ యువకుని పేరు ఎసో ఆల్బన్. అతని వాహనం సైకిలు. తండ్రి కూడా ఒకప్పుడు సైకిలు పందేలలో పాల్గొన్నవాడే.

ఎసో 2001లో పుట్టాడు. 2004 డిసెంబరు 26న సునామీ కార్ నికోబార్‌ను ఊడ్చివేసిన నాటికి పసివాడు. ఆనాడు చెట్టును పట్టుకొని ప్రాణం నిలుపుకున్న తొమ్మిదేళ్ళ డెబోరా హెరాల్డ్ తరువాత దేశంలో పేరుమోసిన సైకిలు క్రీడాకారిణి అయింది. ఆమె వెనుక ఎసో తరంవారు వచ్చారు. కడలి నడుమ పుట్టిన ఈ పిల్లలు ఢిల్లీలోని ఇందిరాగాంధీ వెలోడ్రోమ్‌లో, నున్నటి చెక్కబాట మీద సాధన చేశారు.

ఎసో పేరు తెచ్చుకున్న పందాన్ని 'కెయిరిన్' అంటారు. 1948లో జపానులో పుట్టింది. దాని పద్ధతి విచిత్రంగా ఉంటుంది. పోటీదారుల ముందు ఒక చిన్న మోటారు బండి నడుస్తుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో మొదలుపెట్టి క్రమంగా 50 దాకా పెంచుతుంది. వెనుక వచ్చేవారు దానిని దాటరాదు. ముగింపు 750 మీటర్ల దూరంలో ఉండగా ఆ బండి బాట విడిచి పక్కకు తప్పుకుంటుంది. అసలు పందెం అప్పుడు మొదలవుతుంది.

2018లో స్విట్జర్లాండులోని ఐగిల్‌లో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీలలో ఎసో ఈ పందెంలోనే రజత పతకం గెలిచాడు. స్వర్ణం తప్పినది సెకనులో వెయ్యింట 17 వంతుల తేడాతో! ప్రపంచ సైక్లింగ్ చాంపియన్‌షిప్‌లలో మన దేశానికి దక్కిన తొలి పతకం అదే. మరుసటి ఏడు జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్-ఓడర్‌లో మణిపురానికి చెందిన రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్‌లతో కలిసి జట్టు పందెంలో స్వర్ణం సాధించాడు. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో పెద్దవారి సరసన బరిలో దిగాడు. పెద్దల పోటీలో పతకం రాలేదు. జూనియర్ విజయాలు కూడా ఆ ముందు నడిచే బండి వంటివే కాబోలు. కొంతదూరం తోడు వచ్చి తప్పుకుంటాయి.

ఈ పందెపు తీరు నా మనసులో నాటుకోవడానికి వేరే కారణమున్నది. మా నాన్న శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి జంగ్లీఘాట్‌లో స్థిరపడిన మత్స్యకారుడు. నన్ను మాత్రం పడవ ఎక్కనివ్వలేదు. ఇంగ్లీషు సాహిత్యం చదివించాడు. ఆయన పడవను సునామీ పట్టుకుపోయింది. ఆ తరువాత మా ఇంట్లో ఎవరూ సముద్రం మీదికి వెళ్ళలేదు.

ఇప్పుడు మా అమ్మాయి సముద్ర జీవశాస్త్రం చదువుతున్నది. త్వరలో చేపల లెక్క కోసం పడవ మీద వారం రోజులు వెళ్ళవలసి ఉన్నది. వాళ్ళ అమ్మకు రాత్రులు నిద్ర లేదు, నాకూ అంతే. వద్దనడానికి నా దగ్గర మాట లేకపోలేదు. మాటలే నా వృత్తి! కాని తాత విడిచిన దారిని మనుమరాలు తనంత తానే పట్టుకున్నది. అడ్డు నిలవడానికి నేనెవరిని?

నాకు చేతనైన పని ఒకటి దొరికింది. మా నాన్న నోట విన్న చేపల పేర్లు వంజరం, చందువ, పండుగప్ప ఒక్కొక్కటే గుర్తు చేసుకొని చెబుతున్నాను. తను వాటి పక్కన శాస్త్రీయ నామాలు వ్రాసుకుంటున్నది. ఆ పట్టిక పూర్తి అయ్యేవరకే నా తోడు. తరువాత నేను రేవులోనే ఆగిపోవాలి.