లోవ కొండ కింద దీమపు కోడి

చైత్రం సగం గడిచాక తుని వెళ్లాం. రాజమండ్రిలో చీకటితో ఎక్కిన బండి సామర్లకోట, పిఠాపురం, అన్నవరం దగ్గర ఆగుతూ ఆగుతూ తునిలో దింపేసరికి ఎండ చురుక్కుమంటోంది. ముగ్గురం స్నేహితులం. ఒకడిది తునే. అమెరికాలో మిస్సోరీలో స్థిరపడి చాలా ఏళ్లయింది. ఏటా వసంతంలో అక్కడ సీమకోళ్ల, అంటే టర్కీ కోళ్ల, వేటకు వెళ్తాడు. ఈసారి ఆ రోజుల్లో ఇంటికొచ్చాడు కాబట్టి వేట తప్పింది. "మన కొండల్లోనూ అచ్చం ఇలాగే కూతపెట్టి కోడిని పిలిచేవారు. మా తాత దగ్గర పనిచేసిన ముసలాయన ఇంకా ఉన్నాడు, అడుగుదాం రండి" అని మమ్మల్ని బయల్దేరదీశాడు.

బండిలో దారి పొడుగునా తన వేట గురించే చెప్పాడు. అక్కడ చాలా రాష్ట్రాల్లో మార్చి నుంచి మే దాకా సీజను. వసంతంలో పుంజునే కొట్టాలి. రొమ్ము మీద కుచ్చులా వేలాడే గడ్డాన్ని చూసి పోల్చుకోవాలి. తెల్లారకముందే అడవిలోకి వెళ్లి గుడ్లగూబలా కూస్తారు. చెట్టు మీద పడుకున్న పుంజు ఉలిక్కిపడి గుడగుడమంటే అదెక్కడుందో తెలిసిపోతుంది. అప్పుడు కాస్త దూరంలో పెట్ట బొమ్మను నిలబెట్టి, చెట్టుకి వీపు ఆన్చి కదలకుండా కూర్చుని, పెట్ట గొంతుతో పిలుస్తారు. ఎరుపు, తెలుపు, నీలం బట్టలు వేసుకోకూడదట. పుంజు తలకాయలో కనబడే రంగులవే కాబట్టి ఇంకో వేటగాడు పొరబడి కాల్చే ప్రమాదం ఉంది. అవి ఆ దేశపు జెండా రంగులే కదా అంటే వాడు నవ్వలేదు. ఒకప్పుడు దాదాపు తుడిచిపెట్టుకుపోయిన ఆ పక్షి ఇప్పుడు లక్షల్లో ఉందనీ, 1937 నాటి చట్టం ప్రకారం తుపాకుల మీద, తూటాల మీద వచ్చే పన్ను అడవి జీవాల కోసమే ఖర్చవుతుందనీ వాదించాడు. మన చట్టం వేరే దారి పట్టింది. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చినప్పుడు లైసెన్సు మీద కొంత వేటకు వీలుండేది. 1991 సవరణతో అదీ పోయింది. అందుకే మా చేతుల్లో ఏ ఆయుధమూ లేదు. వాడి సంచిలో మాత్రం సుద్ద రాసిన చిన్న చెక్కపెట్టె ఒకటుంది. మూత పక్కకి జరిపితే సీమకోడి పెట్ట కూసినట్టు కీచుమంటుంది.

స్టేషను బయట టీకొట్టు దగ్గర అడవికోళ్ల మాట ఎత్తగానే తలా ఒకటి చెప్పారు. లోవ కొండ మీద గుంపులు గుంపులుగా తిరుగుతాయని ఒకాయన, పొద్దున్నే జీడితోటల్లోకి దిగి గింజలు ఏరుకుంటాయని ఇంకొకాయన. మీరు కళ్లారా చూశారా అంటే మా బావమరిది చూశాడన్నాడు మొదటాయన. బావమరిది పాయకరావుపేటలో ఉంటాడట. తాండవ వంతెన దాటితే పాయకరావుపేటే. జిల్లాల విభజన తరువాత తుని కాకినాడ జిల్లాలోకీ, పాయకరావుపేట అనకాపల్లి జిల్లాలోకీ వెళ్లాయి. అంతదూరం వెళ్లి అడిగే ఓపిక మాకు లేకపోయింది. అల్లూరి సీతారామరాజు కుటుంబం 1918 దాకా తునిలోనే ఉందనీ, కుర్రతనంలో ఆయన ఈ కొండలన్నీ తిరిగాడనీ కొట్టువాడు చెప్పాడు. అది నేనూ చదివిందే.

ముసలాయన ఊరు కొండ కింద, మామిడితోటల మధ్య ఉంది. ఎనభై దాటి ఉంటాయి. మా వాణ్ణి చూసి "మనవడు బాబేనా, ఒళ్లు చేశావు" అన్నాడు. అరుగు మీద దూలానికి వెదురుబద్దల పంజరం వేలాడుతోంది, అందులో ఉల్లిపాయలు. అది కౌజుపిట్ట పంజరమట. కుర్రతనంలో వాళ్ల నాన్న మచ్చికచేసిన మగ కౌజును అందులో పెట్టి, గుడ్డ కప్పి, కోడికూతకి ముందే చేలగట్టుకి మోసుకెళ్లేవాడు. గుడ్డ తీయగానే అది కూసేది. ఆ గట్టు తనదనుకునే అడవి కౌజు ఊరుకోలేక పరుగున వచ్చి, చుట్టూ పన్నిన ఉచ్చుల్లో కాలు పెట్టేది. అడవికోడికైతే మచ్చికైన పుంజును కాలికి తాడు కట్టి పొద మొదట్లో ఎరగా, అంటే దీమంగా, నిలబెట్టేవారు.

"పెట్టని కట్టేవారు కాదా తాతా?" అన్నాడు మా మిస్సోరీవాడు.

"పెట్ట కోసం వస్తే వస్తాది, లేపోతే లేదు బాబూ. తన జాగాలో ఇంకో పుంజు కూస్తే మాత్రం చావడానికైనా వస్తాది" అన్నాడు ముసలాయన.

వాడు కాసేపు ఏమీ అనలేదు. అక్కడి దీమం వలపు మీద నడుస్తుంది, ఇక్కడిది పగ మీద. సంక్రాంతి బరులు చూస్తూ పెరిగిన నాకు ముసలాయన మాటే సులువుగా ఎక్కింది. అడవిపుంజు ఎలా ఉంటుందంటే "కాకిడేగ" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. మెడ మీద బంగారు ఎరుపు, రొమ్మూ తోకా నలుపు. పందెంరాయుళ్ల లెక్కలో అది కాకిడేగే. ఊళ్లో కోళ్లన్నిటికీ మూలపురుషుడు ఈ ఎర్ర అడవికోడేననీ, స్థూలంగా గోదావరికి ఉత్తరాన ఇదీ, దక్షిణాన బూడిదరంగు అడవికోడీ ఉంటాయనీ నేను చదివింది చెప్పాను. ఆయన మర్యాదగా విని ఊరుకున్నాడు. తరువాత అరచేత్తో తొడమీద నాలుగు దెబ్బలు చరిచి గొంతెత్తాడు. కూసేముందు పుంజు రెక్కలు కొట్టుకునే చప్పుడట ఆ దెబ్బలు. కూత నాటుకోడి కూతలాగే మొదలై చివర ఎవరో పీక నొక్కినట్టు టక్కున తెగిపోయింది. అడవికోడిని ఆ తెగడంలోనే గుర్తుపట్టాలన్నాడు.

మా వాడూ చెక్కపెట్టె తీశాడు. రెండుసార్లు కీచుమనిపించాడో లేదో వీధి చివరి దొడ్లోంచి గుడగుడమని జవాబొచ్చింది. మా వాడి మొహం వెలిగిపోయింది. వెళ్లి చూస్తే ఒకావిడ సీమకోళ్లు పెంచుతోంది. పుంజు తోక పురివిప్పి, ముక్కు మీది తోలు వేలాడేసుకుని మావైపే వచ్చింది. మిస్సోరీలో ఇది వినబడితే ఒళ్లు గగుర్పొడుస్తుందన్నాడు వాడు. "ఆటో హారన్ కొట్టినా అలాగే అంటాదండి" అందావిడ.

ఆ రాత్రి తోటలోనే పడుకున్నాం. దోమలు నిద్రపోనివ్వలేదు. చీకటుండగానే లేచి, ముసలాయన మనవణ్ణి తోడు తీసుకుని కొండ మొదలుకి నడిచాం. జీడితోట గట్టు మీద కూర్చున్నాం. వెలుగు రాకముందే నెమళ్లు అరిచాయి. కాసేపటికి బీడులో కౌజు కూసింది, దానికి ఇంకోటి బదులిచ్చింది. అది నిక్కంగా విన్నాం. తరువాత పైనుంచి ఒక కోడికూత వచ్చింది. చివర తెగినట్టే అనిపించింది నాకు. కుర్రాడు "అదే అండి" అన్నాడు. అంతలో ఊళ్లో పుంజులన్నీ అందుకున్నాయి, ఆపైన ఏది కొండదో ఏది దొడ్డిదో విడదీయలేకపోయాం. కుర్రాడు ఆ కూతను రికార్డు చేద్దామనుకున్నాడు కానీ ఫోనులో గాలే పడింది.

ఎండ ముదరకముందే తలుపులమ్మ లోవకి ఆటో మాట్లాడుకున్నాం. కొత్త బళ్లకి పూజ చేయించేవాళ్లు, పొయ్యిలు వెలిగించి వండుకునేవాళ్లు, కోతులు. కాళ్లు కట్టేసిన కోళ్లు సంచుల్లోంచి తలలు బయటపెట్టి ఉన్నాయి, కొన్ని కూస్తున్నాయి కూడా. మెట్లెక్కి దణ్ణం పెట్టుకుని దిగాం. అడవికోళ్లుంటాయా అని పొయ్యి దగ్గరున్నవాళ్లని అడిగితే కొండంతా అవే అన్నారు. పైకి చేయి చూపించారు గానీ ఎవరూ తలెత్తలేదు.

వసంతం పోయాక అడవిపుంజు మెడమీది బంగారు ఈకలు రాలిపోతాయనీ, వానాకాలంలో కూత బాగా తగ్గిపోతుందనీ దిగేటప్పుడు మా వాడికి చెబుతున్నాను. ఆటో అబ్బాయి అద్దంలోంచి మమ్మల్ని చూసి తల అడ్డంగా ఊపాడు.

"మీరు నెల తప్పొచ్చారండి. ఆషాఢంలో రావాలి. జనంతో దారే ఉండదు. అప్పుడు చూడాలి, కొండంతా కోడికూతలే."

స్టేషను దగ్గర దిగి, అడిగిన దానికి ఇరవై తగ్గించి ఇచ్చాం. రాజమండ్రి బండి గంట ఆలస్యమని చెప్పారు.